వివరించినవారి సంతకం

కల్పన పెట్టిన నీళ్ళు ముత్తవ్వ ముట్టక అది రెండో రోజు.

తెల్లవారగానే చెంబు కడిగి, నీళ్ళు నింపి, అత్త మంచం పక్కన పెట్టింది కల్పన. ముత్తవ్వ ఆ చెంబు వంక చూడనైనా చూడలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. గోడ పట్టుకుని నడిచి, వాకిట్లో నల్లా తిప్పుకుని దోసిట్లో పట్టి తాగింది. పరామర్శకు వచ్చి అరుగు మీద కూర్చున్న ఇద్దరు పొరుగు ఆడవాళ్ళు అదంతా చూసి తలలు దించుకున్నారు.

పెద్దకొడుకు తిరుపతి సౌదీలోని దమ్మాంలో పోయి ఆ రోజుకు ఇరవై రెండు రోజులు. రాత్రి పడుకున్నవాడు తెల్లవారి డ్యూటీకి లేవలేదని రూములోవాళ్ళు ఫోను చేశారు. బీడీలు చుట్టి ఇద్దరు కొడుకులను సాకిన మనిషి ముత్తవ్వ. ఏడ్చి ఏడ్చి, మూడో రోజు తానే లేచి కాష్టానికి కట్టెలు కొట్టించి పెరట్లో పేర్పించింది. శంషాబాదుకు బండి మాట్లాడి పెట్టారు. ఇక రావలసింది మనిషి ఒక్కడే.

ఆదివారం సాయంత్రం మనిషికి బదులు, రూములోవాళ్ళు పంపిన ఒక కాగితం ఫోనులో వచ్చింది.

తిరుపతి బిడ్డ నవ్య ఇంటర్ చదువుతున్నది. ఒక్కో ముక్క ఇంగ్లీషులో చదువుకుని, దాన్ని బాపమ్మకు తెలుగులో చెప్పుకుంటూ పోయింది. మృతుడి దేహాన్ని ఇక్కడికి పంపనవసరం లేదనీ, అక్కడే పూడ్చిపెట్టడానికి తనకు ఏ అభ్యంతరమూ లేదనీ అతని భార్య సరోజన ఒప్పుకుంటున్నదట. గురువారం నాడు పూడ్చిపెడతారట. కింద సరోజన సంతకం, వంకరటింకరగా, తెలుగులో. దాని కింద ఇంకో వరుస. పై విషయమంతా తెలుగులో చదివి వివరించినవారు అని రాసి, ఎదురుగా ఇంకో సంతకం.

నవ్య ఫోను పట్టుకుని వంటింటి గడపలోకి వచ్చింది.

"చిన్నమ్మా, గిది నీ సంతకమేనా?"

కల్పన చూసింది. "నాదే" అన్నది.

అంతకు మించి నోరు తెరవలేదు. ఆ ఒక్క మాటకే ముత్తవ్వ మంచం మీద కూలబడిపోయింది. సరోజన మూలన కూర్చుని, కల్పన ముఖంలోకి చాలాసేపు చూసి, కొంగు కప్పుకుని గోడ వైపు తిరిగింది.

కోరుట్లలో సర్కారు కట్టించిన కాంప్లెక్సు మొదటి అంతస్తులో సెవెన్ గేట్స్ అని ఒక సెంటరు ఉంది. గల్ఫుకు పోయేవాళ్ళ కాగితాలు, అక్కడ జైల్లో పడ్డవాళ్ళ కాగితాలు, చచ్చినవాళ్ళ కాగితాలు అన్నీ అక్కడే. కల్పన అందులో చేరి పద్నాలుగు నెలలు. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల చప్పుడు మధ్య డిగ్రీ చదువుకుని ఈ ఇంటి చిన్నకోడలై వచ్చిన పిల్లకు నౌకరి దొరికిందని అప్పట్లో ముత్తవ్వే పదిమందికి చెప్పుకుంది.

సర్కారు బిల్డింగులో కిరాయికి ఉన్న దుకాణం ఏదైనా వచ్చినవాళ్ళతో తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడాలని ఆ కాంప్లెక్సు కిరాయి ఒప్పందంలో ఒక షరతు ఉంది. ఎవరిచేతనైనా సంతకం పెట్టించుకుంటే, దాన్ని వాళ్ళ భాషలో చదివి చెప్పిన మనిషి కూడా పక్కన సంతకం పెట్టాలి. షరతు మంచిదే. సెంటరువాళ్ళు దాన్ని కాగితాల మీద పొల్లుపోకుండా పాటించారు. కౌంటరులో కూర్చునే ఇద్దరు అమ్మాయిలు ముంబై నుంచి వచ్చినవాళ్ళు, ఇంగ్లీషు హిందీ తప్ప మరో ముక్క రాదు. తెలుగు వచ్చిన కల్పనను తెచ్చి వెనక అద్దాల గదిలో స్కానింగు మిషను దగ్గర కూర్చోబెట్టారు. పొద్దున రాగానే మేనేజరు ప్రభాకర్ ఒక కట్ట ఖాళీ ఫారాలు ఆమె ముందు పెట్టేవాడు. వివరించినవారు అన్నచోట వరుసగా సంతకాలు పెట్టేది. ఉర్దూ గడికైతే మనిషి కూడా అక్కర్లేకపోయింది. నిరుడు పని మానేసిన ఖలీల్ సంతకాన్ని రబ్బరు స్టాంపు చేయించి పెట్టుకున్నారు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఫారాలు తిరగేస్తే రెండు గళ్ళూ నిండి కనిపించేవి.

చేరిన మొదటివారం కల్పన అడిగింది, చదవకుండా ఎట్లా పెట్టాలి సార్ అని. ఎవరికైనా అర్థం కాకపోతే నిన్నే పిలుస్తాం కదా అన్నాడు ప్రభాకర్ హిందీలో. పద్నాలుగు నెలల్లో నాలుగైదుసార్లు పిలిచారేమో. పోనుపోను ఆమె అడగడం మానుకుంది.

సరోజన వచ్చిన రోజు ముంబై పెద్దాఫీసు నుంచి ఎవరో వచ్చి ఉన్నారు. గదిలోంచి కదలవద్దన్నాడు ప్రభాకర్. మెట్లెక్కలేక ముత్తవ్వ కిందనే కూర్చుండిపోతే, సరోజన ఒక్కతే పైకి వచ్చింది. కౌంటరు ముందు నిలబడి అటూ ఇటూ చూస్తూ ఏదో అడగడం కల్పన అద్దంలోంచి చూసింది. కౌంటరు పిల్ల సంతకం పెట్టే చోటు మీద వేలు పెట్టి చూపించింది. సరోజన వంగి సంతకం పెట్టింది. పీనుగను పంపే కాగితమే గదా అనుకుంది కల్పన. ఇంటికి వచ్చాక, "అయిందా అక్కా?" అని అడిగింది. "అయింది" అన్నది సరోజన. అంతే.

ఈ సంగతంతా ఆదివారం పొద్దుగూకే వేళ పెరట్లో భర్త శ్రీధర్‌కు ఒక్కడికే చెప్పింది. అతను విని, చేతిలో ఉన్న కట్టెపుల్లను విరిచి, విరిచి, కిందపడేశాడు.

"నువ్వు నోరిప్పకు" అన్నాడు చివరికి. "నా గల్ఫు వీసా కాగితం ప్రభాకర్ టేబులు మీదనే ఉన్నది. అచ్చే నెల పోవుడే. గిప్పుడు గాయినతోని పంచాది పెట్టుకుంటే నా బతుకేంగావాలె?"

"బావ మట్టి ఇంటికి రావద్దా?"

"అన్న ఎట్లాగు పోయిండు. మట్టి ఆడనైతేంది, ఈడనైతేంది."

ఆ మాట అన్నవాడే అన్న పేరెత్తితే ఏడ్చే మనిషి. కల్పనకు అది తెలుసు. తెలిసే సోమవారమంతా నోరు మూసుకుంది. అత్త తన నీళ్ళు తాగకపోయినా, నవ్య తనను చూసి పక్కకు తప్పుకున్నా, మూసుకునే ఉంది.

*

మంగళవారం పది గంటలకు బాలకిషన్ వచ్చాడు.

బాలకిషన్‌ది జగిత్యాల. మస్కట్‌లో పద్దెనిమిదేళ్ళు చేసి వచ్చి, ఇప్పుడు గల్ఫులో ఆపదలో పడ్డవాళ్ళ ఇండ్లు వెతుక్కుని పోయి, వాళ్ళ కాగితాల వెంట తిరుగుతుంటాడు. నవ్య పంపిన ఫోటో చూసి వచ్చాడు. వస్తూనే కుర్చీ వద్దని అరుగు మీదనే కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని ఇంకోసారి చూశాడు.

అక్కడి కంపెనీలకు ఖర్చూ తలనొప్పీ తప్పించడానికే సెంటరువాళ్ళు ఇట్లా రాయిస్తారన్నాడు. ఉన్న దారి ఒక్కటేనని చెప్పాడు. సరోజన తన ఒప్పుకోలు వాపసు తీసుకోవాలి. కానీ ఆమె ఒక్కతే రాసిస్తే చెల్లదు. అర్థం కాలేదని ఆమె అంటే, తెలుగులో చెప్పినట్టు ఈడ సంతకం ఉన్నది గదా అంటారు. చదివి చెప్పలేదని ఆ సంతకం పెట్టిన మనిషే రాసియ్యాలి. అది జగిత్యాలలో జిల్లా ఆఫీసులో ఇస్తే అక్కడినుంచి మెయిలు పోతుంది. గురువారం లోపల పోవాలి.

ముత్తవ్వ మొదటిసారి కల్పన వైపు తల తిప్పింది.

"చెప్పినవా, చెప్పలేదా?" అని అడిగింది.

శ్రీధర్ దర్వాజ దగ్గర నిలబడి ఉన్నాడు. కల్పన అతని వైపు చూడలేదు.

"చెప్పలేదత్తా. నేను ఆ కాగితం సదువనే లేదు. ఖాళీ కాగితాల మీద ముందుగాలనే పెట్టిచ్చుకుంటరు."

"అందరియి గట్లనేనా?" అన్నాడు బాలకిషన్.

"అందరియి."

బాలకిషన్ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. అతని గొంతు తగ్గింది. రాసిస్తే కేసు ఆమె మీద కూడా పడుతుందని, పద్నాలుగు నెలల్లో ఆ సంతకం ఉన్న ప్రతి కాగితమూ మళ్ళీ తిరగేస్తారని విడమరిచి చెప్పాడు. ఆమెను ఆపడానికి కాదు, తెలిసి చేయాలని చెప్పాడు. తర్వాత ఆ ఒక్క మాటా అడిగాడు.

"ఆదివారమే ఎందుకు చెప్పలేదు బిడ్డా?"

దర్వాజ దగ్గర శ్రీధర్ చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. సరోజన గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

ముత్తవ్వే అన్నది. కోపంగా కూడా కాదు. అలిసిపోయిన గొంతుతో అన్నది.

"రేపు జగిత్యాల పోయి రాసియ్యి. రాసిచ్చి, అటే సిరిసిల్ల పో. మీ అవ్వగారింట్ల ఉండు. నా ఇంట్ల వద్దు."

*

రాసివ్వాలంటే చేతిలో ఒక ఆధారం ఉండాలనిపించింది కల్పనకు. మధ్యాహ్నం ఆటో ఎక్కి కోరుట్ల పోయింది.

సెంటరు ఎప్పటిలాగే చల్లగా ఉంది. టోకెన్లు పట్టుకుని పది పన్నెండు మంది కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. సగం మంది ఆడవాళ్ళు. కల్పన తిన్నగా ప్రభాకర్ గదిలోకి పోయి, తన యారాలు సరోజన కాగితం సంగతి చెప్పింది. అసలు ఫారం కావాలని, అది చదివి చెప్పలేదని సెంటరు తరఫున ఒక ముక్క రాసియ్యమని అడిగింది.

ప్రభాకర్‌ది కూడా సిరిసిల్లే. ఈ పద్నాలుగు నెలల్లో అతను ఆమెతో ఒక్కసారి కూడా తెలుగులో మాట్లాడలేదు. హిందీ, కాకపోతే ఇంగ్లీషు. ఇప్పుడు లేచి తలుపు దగ్గరకు వేసి వచ్చి, మెత్తటి తెలుగు అందుకున్నాడు.

"కూసో కల్పనా. మీ బావ సంగతి ఇన్న. బాధనే. కని నువ్వు సదువుకున్నదానివి, ఆలోచన చెయ్యి. సంతకం నీతోని ఎవలన్న చెయ్యి పట్టుకోని పెట్టిచ్చిండ్రా?"

"లేదు."

"మరి? కాగితం మీద ఏమున్నది, కల్పన సదివి చెప్పింది అని ఉన్నది. సెంటర్‌ది ఏం తప్పు? నువ్వు చెప్పకుంటే గది నీ తప్పు." కొంచెం ఆగాడు. "శ్రీధర్ ఫైలు రేపు పోతది. నేను చూసుకుంట. మీరు కూడ జెర చూసుకోని ఉండాలె."

ఇంత మంచిగా తెలుగు మాట్లాడగలిగినవాడు, తలుపు బయట కూర్చున్నవాళ్ళతో ఇన్నాళ్ళూ ఒక్క మాట ఎందుకు మాట్లాడలేదో ఆమెకు అప్పుడు తట్టింది. వాళ్ళకు అర్థం కాకూడదు. అర్థమైతే ప్రశ్నలు అడుగుతారు.

లేచి బయటికి వచ్చింది. కౌంటరు దగ్గర ఒక ముసలామె నిలబడి ఉంది. కౌంటరు పిల్ల ఇంకుప్యాడ్ ముందుకు తోసి, ఫారం అడుగున వేలు పెట్టి చూపిస్తున్నది.

"యహా, అమ్మా. థంబ్. యహా."

ముసలామె బొటనవేలు ఇంకులో అద్దింది. అద్ది, కాగితం మీదికి తెచ్చి, ఎందుకో ఆగి, చుట్టూ చూసింది. ఎవరి కోసమో చూసే ఆ చూపు కల్పనకు కొత్త కాదు. సరోజన వచ్చిన రోజు అద్దంలోంచి చూసిన చూపే.

ఆమె గబగబా పోయి ఆ ఫారం తీసుకుంది. తెలుగు గడిలో తన సంతకం అప్పటికే ఉంది.

ముసలామె పేరు పోచమ్మ. మల్యాల నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. కొడుకు జలపతి కువైట్‌లో జైల్లో ఉన్నాడట. ఈ కాగితం మీద వేలు వేస్తే విడిచిపెడతారన్నారట. కల్పన నిలబడే చదివింది. కొడుక్కు పడ్డ శిక్ష మీద పైకోర్టుకు పోవడం లేదని, శిక్ష సరైనదేనని కుటుంబం ఒప్పుకుంటున్నట్టు ఉంది అందులో.

ఆ మాటే తెలుగులో చెప్పింది. కౌంటరు పిల్ల "క్యా హువా?" అని లేచింది. ప్రభాకర్ గది తలుపు తెరుచుకుంది.

పోచమ్మకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పింది కల్పన. అప్పుడామె ఇంకు అంటిన వేలును చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంది. తుడిచిన చోటనే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటూ నిలబడింది.

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. అందరి చేతుల్లోనూ కాగితాలు ఉన్నాయి. కల్పన ఆ ఫారం మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. పోచమ్మ ఆమె వెనకే దిగింది. కల్పనది ఊరు ఎక్కడ, ఇల్లు ఎక్కడ అని అడిగి తెలుసుకుని, బస్సు స్టాండు వైపు పోయింది.

*

బుధవారం పొద్దున కల్పన, సరోజన ఇద్దరే జగిత్యాల పోయారు. శ్రీధర్ రాలేదు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. దారి పొడుగునా ఒక్క మాట లేదు.

జిల్లా ఆఫీసు వరండాలో బాలకిషన్ వాళ్ళకోసం ఎదురుచూస్తున్నాడు. లోపల ఒక ఆడ ఆఫీసరు ఓపికగా అంతా విన్నది. తెల్లకాగితాలు ఇచ్చి, ఏ భాషలో రాసినా ఫరవాలేదు, కింద మేము ఇంగ్లీషు చేసి పంపుతాం అన్నది. సరోజన చెబుతుంటే ముందు ఆమెది రాసింది కల్పన. రాసి, మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించింది. సరోజన తల ఊపి సంతకం పెట్టింది.

తర్వాత కల్పన తనది మొదలుపెట్టింది. నా పేరు కల్పన, నేను ఈ కాగితం చదివి చెప్పలేదు, అని. ఖాళీ ఫారాల సంగతి, రబ్బరు స్టాంపు సంగతి, పోచమ్మ ఫారం సంగతి, అన్నీ. రెండో పేజీ సగంలో ఉండగా బాలకిషన్‌కు దమ్మాం నుంచి ఫోను వచ్చింది.

అతను వరండాలోకి పోయి మాట్లాడాడు. అద్దం లేని కిటికీ అది. అతని మాటలు వినిపించకపోయినా, ఫోను చెవి దగ్గరనుంచి దించి కాసేపు గోడకు ఒరిగి నిలబడడం కనిపించింది.

లోపలికి వచ్చి సరోజన ఎదురుగా నిలబడ్డాడు.

"నిన్ననే మట్టిల పెట్టిండ్రట చెల్లే. మధ్యాన్నం నమాజు అయినంక. కాగితాలన్ని సక్కగ ఉన్నయని రెండు రోజులు ముందటికి జరిపిండ్రట."

సరోజన కుర్చీ చేతిని పట్టుకుని కూర్చుండిపోయింది. ఆఫీసరమ్మ లేచి వచ్చి ఆమె భుజం మీద చేయి వేసింది.

కొంతసేపటికి బాలకిషన్ కల్పనను పక్కకు పిలిచాడు. దీన్ని ఇప్పుడిచ్చినా తిరుపతి తిరిగిరాడు, తవ్వి తీయడం ఎవరివల్లా కాదు అన్నాడు. ఇస్తే మాత్రం రేపటినుంచి పోలీసులు, కోర్టు, అన్నీ ఉంటాయి. సెంటరువాళ్ళు తప్పంతా ఆమె మీదికే తోస్తారు. "ఇయ్యకున్న నిన్ను ఎవ్వలు ఏమనరు. నీ ఇష్టం బిడ్డా" అన్నాడు.

కల్పన బల్ల దగ్గరకు తిరిగి వచ్చింది. సగంలో ఆగిన వాక్యం ఎక్కడ ఆగిందో వెతుక్కుని, అక్కడినుంచి రాసింది. చివర తేదీ వేసి, పేరు రాసి, సంతకం పెట్టింది. పోచమ్మ ఫారాన్ని దానికి జతచేసి ఆఫీసరు చేతికి ఇచ్చింది. ఆఫీసరు రెండుసార్లు చదివి, ఇంకెక్కడికీ పోవద్దని, పిలిస్తే రావాలని చెప్పి, ముద్ర వేసి ఒక కాపీ ఇచ్చింది.

బస్సు స్టాండులో కోరుట్ల బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద కూర్చున్నారు ఇద్దరూ. ఆ రాతపని మాటలు వదిలేస్తే, ఆదివారం తర్వాత సరోజన కల్పనతో మాట్లాడింది అప్పుడే.

"ఆదివారమే చెప్తే అందుతుండెనా?"

కల్పన అబద్ధం చెప్పలేకపోయింది. "అందుతుండె అక్కా. సోమారం కాగితం పోతుండె."

సరోజన ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఎక్కేవాళ్ళను, దిగేవాళ్ళను చూస్తూ కూర్చుంది.

"ఆ దినం నువ్వు నాకు కనబడ్డవ్" అన్నది. "అద్దం ఎనుక ఉన్నవ్. ఆ పిల్ల ఏం చెప్తున్నదో నాకు ఒక్క ముక్క తెల్వలే. పెట్టాల్నా వద్దా అనుకున్న. మల్ల నిన్ను చూసిన. మన కల్పన ఈడనే ఉన్నది గదా, నాకేం భయం అనుకున్న. గందుకే పెట్టిన."

బస్సు వచ్చింది. సరోజన ముందు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద తన సంచి పెట్టింది. కల్పన వెనక సీట్లో కూర్చుంది.

*

ముత్తవ్వకు కబురు చెప్పింది నవ్య. ముసలామె గుండెలు బాదుకుంటుందని అందరూ అనుకున్నారు. బాదుకోలేదు. ఒక్కటే అడిగింది.

"తలకాయ ఎటు దిక్కు పెట్టిండ్రట?"

ఎవరికీ తెలియదు. ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఆ రోజంతా ముత్తవ్వ వచ్చినవాళ్ళనందరినీ అదే అడిగింది.

గురువారం మధ్యాహ్నం శ్రీధర్ పాస్‌పోర్టు పట్టుకుని ఇంటికి వచ్చాడు. సెంటరువాళ్ళు వాపసు ఇచ్చారు. కారణం చెప్పలేదు. అతను దాన్ని అలమారలో బట్టల కింద పెట్టి, మంచం మీద కూర్చున్నాడు. కల్పన తిడతాడేమోనని చూసింది. తిట్టినా బాగుండు అనుకుంది. అతను తిట్టలేదు. రేపు పొద్దుగాల సిరిసిల్ల బస్సుకు ఎక్కిస్తానని మాత్రం అన్నాడు.

"మల్ల ఎప్పుడు తోలుకస్తవ్?" అని అడిగింది.

"చూద్దాం" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

జగిత్యాల ఆఫీసరు ఎక్కడికీ పోవద్దన్నదని ఆమె చెప్పలేదు. చెప్పినా ఈ ఇంట్లో ఉండమని అనేవాళ్ళు ఎవరూ కనిపించలేదు.

శుక్రవారం పొద్దున బట్టల సంచి సర్దుకుని వాకిట్లోకి వచ్చేసరికి, శ్రీధర్ ఆటోను పిలుచుకువచ్చి గేటు ముందు నిలబెట్టాడు. ఆటో వెనక ఇంకో ఆటో ఆగింది. దాని వెనక ఇంకోటి.

ముందు దిగింది పోచమ్మ. ఆమె వెనక ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగారు. ఎనిమిదిమందో, తొమ్మిదిమందో. ఒకరి ఊరు ఒకరికి తెలియనివాళ్ళు, సెంటరులో సంతకాలు పెట్టివచ్చి పోచమ్మ మాట విన్నవాళ్ళు. కొందరి చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు, కొందరి చేతుల్లో మడతలు నలిగిన కాగితాలు. పోచమ్మ వాళ్ళకు కల్పనను వేలు పెట్టి చూపించింది. ఈ పిల్లనే అన్నది.

ఎవరూ లోపలికి రమ్మనకముందే వాకిట్లోకి వచ్చి నేల మీద వరుసగా కూర్చున్నారు. మంచం మీద ముత్తవ్వ లేచి కూర్చుని చూస్తున్నది. సరోజన దర్వాజ దగ్గరకు వచ్చి నిలబడింది.

"బస్సు టైమైతంది" అన్నాడు శ్రీధర్ గేటు దగ్గరనుంచి.

అందరికన్నా ముందు కూర్చున్న ఆమె పేరు నర్సక్క. బుగ్గారం నుంచి వచ్చింది. పక్కన ఆమె కోడలు రాధిక, ఒళ్ళో పసిపిల్ల. కొడుకు దుబాయి దగ్గర ఎక్కడో పనిచేస్తున్నాడు, అయిదు నెలలుగా ఫోను లేదు, ఆచూకీ లేదు అని చెప్పింది నర్సక్క. వెతుకుతారంటే సెంటరులో ఈ కాగితం మీద సంతకం పెట్టి వచ్చామన్నది. పెట్టి మూడు నెలలైందట. ఎంతవరకు వెతికారో ఇందులో రాసి ఉంటుందేమో చూడమన్నది.

కల్పన కాగితం అందుకుంది. కళ్ళు ముందు అడుగు వైపుకే పోయాయి. రాధిక సంతకం. దాని కింద తెలుగు గడిలో తన పేరు, స్పష్టంగా, ఏ తొందరా లేకుండా.

పై నుంచి చదివింది. కొడుకుతో తాము మాట్లాడామని, అతను క్షేమంగానే ఉన్నాడని, కనిపించడం లేదని ఇచ్చిన ఫిర్యాదును వాపసు తీసుకుంటున్నామని, ఇక మీదట వెతకవలసిన అవసరం లేదని రాసి ఉంది.

ఇంకోసారి చదివింది. ఆటోవాడు హారన్ కొట్టాడు. రాధిక పసిపిల్లను ఒక భుజం మీదినుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని, కళ్ళార్పకుండా ఆమె నోటి వంక చూస్తున్నది.

కల్పన సంచి కింద పెట్టి వాళ్ళ ఎదురుగా నేల మీద కూర్చుంది. మొదటి వాక్యం తెలుగులో చెప్పబోయింది. రెండు మాటలు చిన్నగా పలికి, మళ్ళీ కాగితం వంక చూసింది.

నర్సక్క ముందుకు వంగి, చెవి వెనక చేయి పెట్టుకుంది.

"జెర గట్టిగ చెప్పు బిడ్డా" అన్నది. "నాకు సరిగ్గ ఇనబడది."